తెల్ల కోటింగు

జీపు వచ్చి పక్కనే ఆగినా, నిచ్చెన మీదున్న ఖాసిం వలి బ్రష్షు ఆపలేదు. కువైట్‌లోని ఫహాహీల్ వీధి బోర్డు మీద తెల్లరంగు పూస్తూనే ఉన్నాడు. కింద అతని భార్య జైతున్‌బీ మాత్రం నిచ్చెనను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పేరెందుకు చెరుపుతున్నావ్?" దేశాన్ని ఆక్రమించిన ఇరాకీ సైన్యపు సిపాయి అరబ్బీలో గద్దించాడు.

"కొత్త పేరు రాయొద్దా సారూ? మీరొచ్చినాక పేర్లన్నీ మారుతుండాయి కదా. ఇది కింది కోటింగే."

"ఎప్పుడు రాస్తావ్?"

"చలికాలం సారూ, ఆరాల. తొందరపడితే అక్షరం కారిపోతాది."

సిపాయి ముందూ వెనకా చూశాడు. కనుచూపు మేర ఏ వీధికీ పేరు లేదు, ఏ ఇంటికీ నంబరు లేదు. ఎవరినో పట్టుకుపోదామని వచ్చినవాడు, ఆ మనిషి ఇల్లేదో తెలియక తిట్టుకుంటూ జీపు తిప్పుకుపోయాడు.

జైతున్‌బీ పడీపడీ నవ్వింది. "రాసిందీ నువ్వే, తుడిపేదీ నువ్వే! మరి జనం ఇండ్లకెట్లా పోతారయ్యా?"

"పొద్దున రొట్టెలకు పోయి నువ్వెట్లొచ్చినావు?"

"నాకు బోర్డెందుకు? కండ్లు మూసుకోనైనా వస్తా."

"అందరూ అంతే. బోర్డు పరాయోళ్ళకే మే."

జైతున్‌బీ నవ్వు ఆగిపోయింది. 'పరాయి దేశం కోసం మనకెందుకీ పాట్లు' అని పొద్దున్నుంచీ మొగుణ్ణి సాధిస్తున్నది తనే. ఒక్క క్షణం ఆ తెల్లటి బోర్డు వంక చూసి, రంగు డబ్బా తనే చేతికి తీసుకుంది.

"యల్లా, దిగు బిరీన. మన వీధిది ఇంకా చెరపలేదు."