ఉప్పు వెయ్యలేదండి

అట్లా కాదే తల్లీ, పెళ్ళిచూపుల నుంచి మొదలుపెడితే తెల్లారిపోతుంది. మీ బాబాయి బియ్యం వెయ్యకముందే కొత్త కరెంటు కుక్కర్ మూత ఒకసారి తిప్పి చూడబోయాడే, అక్కణ్నుంచి రాయి. రాస్తున్నావా? ఊఁ.

"ఆగండి. రబ్బరు పెట్టలేదు," అంది కుక్కర్.

మా చిన్నల్లుడు మూత తిరగేసి చూశాడు. నిజమే. కడిగిన రబ్బరు గిన్నెల పక్కన ఆరుతూ ఉంది.

"అబ్బో, దీనికి కళ్ళు కూడా ఉన్నాయే!" అని మురిసిపోయి, రబ్బరు తెచ్చి మూతకి బిగించాడు.

అతను వెల్డింగ్ మేస్త్రి. సోమవారం నుంచి భార్యకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ పడింది, వంట అతని నెత్తిన పడింది. మొన్న పొయ్యి మీద మాడ్చాడు. నిన్న జావ చేశాడు. ఆరేళ్ళ కూతురు రెండు రాత్రులూ బన్ను తిని పడుకుంది. ఈ రోజు పొద్దున భార్య తెగేసి చెప్పింది.

"ఇవాళ కూడా పిల్ల బన్ను తిందో, రేపే ఉద్యోగం మానేస్తానని కాగితం రాసిచ్చి వస్తా. ఇనుముని నీళ్ళు చేసే మనిషివి, గుప్పెడు బియ్యం ఉడికించలేవా?"

ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని గడపలు ఎక్కి దిగిందో అతనికి తెలుసు. అందుకే కొలిచిన బియ్యాన్ని మళ్ళీ కొలిచాడు. క్యారెట్ ముక్కలు, బీన్సు ముక్కలు వేశాడు. నీళ్ళు పోశాడు.

"ఇంకో గ్లాసండి," అంది కుక్కర్. ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది.

"రికార్డు చేసినావిడకి జలుబు చేసినట్టుంది," అని నవ్వుకుంటూ ఇంకో గ్లాసు పోశాడు. మూత తిప్పబోయాడు.

"ఉప్పు వెయ్యలేదండి."

అతని చెయ్యి ఆగిపోయింది. మూత పడిందో లేదో మెషీన్ చెప్పగలదు. నీళ్ళ లెక్కా చెప్పగలదేమో. ఉప్పు సంగతి దానికెలా తెలుసు?

చెంచాడు ఉప్పు వేసి, మూత బిగించి, బటన్ నొక్కాడు. అట్టపెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు.

"ఏమండీ, మీ కుక్కర్ ఉప్పు చూస్తుందా?"

"ఏంటి సార్?"

"అదే, ఉప్పు వెయ్యకపోతే చెబుతుందా అని."

అవతలివాడు పక్కవాళ్ళకి చెప్పుకుని నవ్వాడు. "సార్, అది బీప్ అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క కూడా అనదు. అసలు దాంట్లో స్పీకరే లేదు సార్."

ఫోన్ పెట్టేసి చూస్తే కుక్కర్ బుసబుసమంటోంది. లోపల ఆవిరి నిండి, మూతని తెరవనివ్వని చిన్న పిన్ను మూత మీద పైకి లేచింది. కూతురు పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంది.

"బంగారూ, ఇందాక కుక్కర్ మాట్లాడటం నువ్వూ విన్నావా?"

"ఊఁ. రోజూ మాట్లాడుతుందిగా."

"రోజూనా?"

"నువ్వు పని నుంచి రాకముందు. బళ్ళో ఏం తిన్నావే, జడ ఎవరు వేశారే అని అడుగుతుంది." పిల్ల మూతి ముడిచింది. "నన్నేమో ఏమే అంటుంది. నిన్ను మాత్రం అండీ అంటుంది నాన్నా."

చిన్నల్లుడు ఫోన్ పక్కన పడేశాడు. ఒక్క ఉదుటున వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. కుక్కర్ మీది ఎర్ర అంకెలు ఆరిపోయాయి. హమ్మయ్య అనుకున్నాడు.

"ప్లగ్గు తీస్తే ఆవిరి దిగదండి," అంది కుక్కర్. "కాసేపు ఓపిక పట్టండి."

ఓపికా! పై ప్రాణాలు పైనే పోయేలా ఉన్నాయి. దాన్ని తెరిచి, లోపలున్నది సింకులో పారబోసి, ఖాళీ డొక్కుని వీధి చివర చెత్తబుట్టలో పడేస్తే తప్ప ఆ ఇంట్లో కూర్చోలేననిపించింది. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. లేచి ఉన్న పిన్ను మీద దాని మొన ఆనించి, బలమంతా పెట్టి అదమబోయాడు. అతని కళ్ళు పిన్ను మీదే ఉన్నాయి. చిన్న ముక్కాలిపీట ఎక్కి, ఏం చేస్తున్నాడా అని మూత మీదికి వంగుతున్న కూతుర్ని చూసుకోలేదు.

"అల్లుడుగారూ! పిల్ల!"

అరుపు కాదది, పొలికేక. అతని ఎడమచెయ్యి దానంతటదే లేచి పిల్లని వెనక్కి లాగింది. అదే క్షణంలో పిన్ను కిందికి జారింది. తెల్లటి ఆవిరి రివ్వుమని లేచి, ఇందాక పిల్ల మొహం ఉన్న చోటునుంచి దూసుకెళ్ళి, పైకప్పుకి తగిలింది.

తండ్రీకూతుళ్ళు నేల మీద చతికిలబడి ఒకర్నొకరు పట్టుకున్నారు. పిల్ల ఏడవలేదు. అతనే ఏడ్చాడు.

ఆవిరంతా పోయాక, చాలాసేపటికి, లేచి మూత తీశాడు. మెతుకుకి మెతుకు అంటకుండా ఉడికింది అన్నం. పిల్ల మారు వడ్డించుకుని తింది. అతను మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. పెళ్ళయి ఏడేళ్ళయినా, "అల్లుడుగారూ" అని నోరారా పిలిచే మనిషి అతనికి లేదు. మామనని నేనున్నాను గానీ, ఈ ముసలాడు "ఏమోయ్" అంటాడు.

అంతే తల్లీ, కలం పెట్టెయ్యి. మీ పిన్ని పెళ్ళి చూడాలని మీ అమ్మమ్మ ఎంత తపించిందో! రెండు నెలల ముందే పోయింది. రేపు సాయంత్రం మీ బాబాయి ఇంటికెళ్ళి, ఇదంతా మీ అమ్మమ్మకి చదివి వినిపించు. గోడ మీది ఫోటో దగ్గర కాదే, కుక్కర్ దగ్గర కూర్చుని చదువు.

ప్లగ్గు పెట్టక్కర్లేదు.