కొట్టేసిన పీరియడ్

"జరిగిపోయినవన్నీ తవ్వుకుంటే ఏమొస్తుంది మేడమ్?" అంటూ హెడ్మాస్టరుగారు హిస్టరీ టీచరు ఎదుటే టైంటేబుల్లో ఆమె పీరియడ్ కొట్టేశారు.

"ఆ పీరియడ్ నాకు!" లెక్కల మాస్టారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"పోయినేడు ఆటల పీరియడ్ మింగింది చాల్లేదా? ఈసారి నాది!" సైన్సు టీచరమ్మ అడ్డుపడింది.

"అంతకుముందేడు డ్రాయింగ్ పీరియడ్ లాక్కుందెవరో!"

"అబద్ధం! అదీ మీరే!"

హెడ్మాస్టరుగారు తల పట్టుకున్నారు. "ఆపండి బాబూ! అసలు ఏ ఏడు ఎవరికేం ఇచ్చానో చెప్పేవాళ్లే లేరా?"

హిస్టరీ టీచరు నవ్వాపుకుంటూ బీరువా తెరిచింది. పదేళ్ల టైంటేబుళ్లు, తేదీలతో సహా.

"తవ్వమంటారా సార్?"

"తవ్వమ్మా తల్లీ, తవ్వు! వారానికి రెండు పీరియడ్లు తవ్వు!"