నాన్న చూసిన ఊరు

“ఆ సబ్జెక్టు తీసేద్దాం నాన్నా. మన సిలబస్‌తో కలవట్లేదు. హెచ్‌ఓడీ ఒప్పుకోరు.”

“పాత వంతెనల మరమ్మతు తీసేస్తే ఇంక ఆ ఊరెళ్లి ఏం చేస్తావే? ట్రామ్‌ల రంగు చూసొస్తావా?”

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ, ఎదురుగా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్న నాన్న. చిట్టి సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. వచ్చే సెమిస్టరు యూరప్‌లో చదవడానికి ఎంపికైంది. రెండు యూనివర్సిటీల్లో ఒకటి ఎంచుకోవాలి. అక్కడ చదివే ప్రతి సబ్జెక్టుకీ ఇక్కడి సిలబస్‌లో ఒక జోడీ చూపించాలి. దీనికన్నా పెళ్లిసంబంధాలు కుదర్చడం సులువని ఆమెకి ఇప్పటికే అర్థమైంది.

ఉత్తరాన ఉన్న యూనివర్సిటీలో జోడీలన్నీ ఇట్టే కలిశాయి. కానీ రెండోది ‘నాన్న ఊరు’. ఇంట్లో దాన్ని అలాగే అంటారు. నాన్నా, ఆయన స్నేహితుడు గుండు మావయ్యా ఇంజనీరింగ్ మూడో ఏట ఇలాగే సెమిస్టరుకి ఎంపికైన ఊరది. మిగతా పిల్లలకి చందమామని చూపించి అన్నం పెడితే, చిట్టికి ఆ ఊరు చూపించి పెట్టారు.

“స్టేషన్ బయటికి రాగానే ఎడంపక్క ట్రామ్. నది దాటాక దిగాలి. అక్కణ్నుంచి క్లాసుకి తిన్నగా నడకే.” కళ్లు మూసుకుని చెప్పేవాడు నాన్న.

“గుండు మావయ్య మంచులో జారిపడ్డ కథ చెప్పు.”

“ఒక్కసారా పడింది? వంతెన మీద పడ్డాడు. లేచాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి మళ్లీ పడ్డాడు. చేతిలో గుడ్ల అట్ట ఒకటి! చలికాలం పోయేదాకా వాడి కోటు గుడ్డు కంపే.”

ప్రతి కథలోనూ పడేది గుండు మావయ్యే. నవ్వేది నాన్న. ఆ కథలు మొదలవగానే అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది. విన్నవే ఎన్నిసార్లు వింటుంది పాపం, అనుకునేది చిట్టి. ఫొటోల్లోనూ గుండు మావయ్యే, పళ్లన్నీ బయటపెట్టి. “నువ్వేవీ?” అంటే, “కెమెరా ఎవరో ఒకరు పట్టుకోవాలిగా” అనేవాడు నాన్న.

ఇప్పుడు కూడా మడతల దగ్గర టేపు అతికించిన ఆ ఊరి పాత పటం తెచ్చి టేబుల్ మీద పరిచాడు. చిట్టి లాప్‌టాప్‌లో అదే వీధి ఫొటోలు తెరిచింది.

“ఇదేంటి నాన్నా! నడక అన్నావ్. ఇది కొండెక్కడం కదా?”

నాన్న కళ్లజోడు దించుకుని తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

“ఇంత ఎత్తా!” అని, వెంటనే సర్దుకున్నాడు. “ఆ వయసులో ఎక్కుడు ఎవరికి తెలుస్తుందే. సరేగానీ, ఆ సబ్జెక్టుని మెటీరియల్స్‌తో జత చెయ్. రెండూ తుప్పు గురించే కదా. అప్పట్లో మా హెచ్‌ఓడీని నేను అలాగే ఒప్పించా.”

ఈ హెచ్‌ఓడీ కూడా ఒప్పుకున్నారు.

తీరా సబ్జెక్టుల ఒప్పందం ఆ యూనివర్సిటీకి పంపాల్సిన రోజున చిట్టి వేలు మౌస్ మీదే ఆగిపోయింది. కనీసం హాస్టల్లో కూడా ఉండని పిల్ల.

“మానేస్తా నాన్నా. అక్కడ జ్వరమొస్తే ఎవరున్నారు?”

“భయపడితే అక్కడికెళ్లి భయపడవే. ఇక్కడ కూచుని భయపడితే ఆ ఊరు కూడా దక్కదు.”

“అయితే నువ్వూ రా. నన్ను దింపి, వారం ఉండి వద్దువుగాని. నీకు దారులన్నీ తెలుసుగా.”

నాన్న పటం మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చకచకా మడిచేసే మనిషి, ఆ రోజు మడతలు మర్చిపోయాడు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “వెళ్లండి. ఇన్నాళ్లూ చెప్పారుగా, వెళ్లి చూపించండి.”

చిట్టి వేలు అప్పుడు కదిలింది.

ప్రయాణం నాడు నాన్న పెద్ద పెట్టె ఎత్తబోతుంటే, “నడుం పట్టేస్తుంది, ఆగు” అని చిట్టి అడ్డుపడింది.

“పోవే! మేం థర్డియర్‌లో ఉండగా మీ నానమ్మకి తుంటి విరిగితే, ఆ ఏడంతా మంచం మీంచి కుర్చీలోకీ కుర్చీలోంచి మంచం మీదికీ ఎత్తిందెవరనుకున్నావ్? ఆవిడ ముందు ఈ పెట్టె దూదిపింజ.”

ఎయిర్‌పోర్టులో ప్రతి లైనులోనూ ఆమెనే ముందుకి తోశాడు. “నేర్చుకోవాల్సింది నువ్వు. పద పద.” ట్రేలో ఆమె ఏం పెడితే ఆయనా అవే పెట్టాడు. సెక్యూరిటీ వాళ్లు చేతులు చాపమంటే అవసరమైన దానికన్నా పెద్దగా చాపాడు. చిట్టికి నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.

విమానంలో కిటికీ సీటు ఆయనకే ఇచ్చింది.

“మీ ఊరు ఎంత మారిందో పైనుంచే చూసుకో,” అంటూ ఆయన భుజం మీద తల వాల్చింది. “నువ్వు వెళ్లొచ్చిన దారి కాబట్టే బయల్దేరా నాన్నా. లేకపోతే నావల్ల అయ్యేది కాదు.”

నాన్న ఆమె తల నిమిరాడు. చిట్టి కళ్లు మూసుకుంది. నిద్ర మాత్రం రాలేదు.

ఇంజిన్ రొద మొదలైంది. నాన్న ఒళ్లో బెల్టు కొక్కెం టక్కు టక్కుమంటోంది, ఎంతకీ పడట్లేదు. ఎయిర్‌హోస్టెస్ వంగి, దాన్ని సరిగ్గా తిప్పి పెట్టి, “విమానం ఎక్కడం మొదటిసారా సార్?” అని అడిగింది.

భుజం మీది తల కదలకుండా, కూతురు నిద్రపోయిందో లేదో వంగి చూసుకుని, నాన్న గొంతు తగ్గించాడు.

“మొదటిసారేనమ్మా.”