అలివేలమ్మ గారింట్లో ఫోను

"హైమా, సీక్రం రా! పాలకొల్లు నుంచి మీ అమ్మ! ఐదు నిమిషాల్లో మళ్ళీ చేస్తాదంట!"

మేడ మీద నుంచి అలివేలమ్మ కేకేసింది. చింతాద్రిపేటలోని ఆ సందు మొత్తానికి ఫోనున్నది ఆమె ఇంట్లోనే. ఆ కేకను ఎదురింటి వాసంతి అందుకుంది. పూలమ్మే రాసాత్తి సందు చివరిదాకా చేరవేసింది.

మొన్నమొన్ననే కాపురానికొచ్చిన హైమ తడిచేతులతోనే పరుగెత్తింది. అక్కకు నొప్పులొస్తున్నాయని పొద్దున్నే కబురు తెలిసింది.

మెట్లెక్కేసరికి ఫోను మోగనే మోగింది.

"ఆడపిల్లే! ఇద్దరూ క్షేమం," అంది అమ్మ.

"ఆడపిల్లంట!" అని హైమ అరిచిందో లేదో, వెనక గది దద్దరిల్లింది. తిరిగి చూస్తే నిలబడ్డానికి చోటు లేదు. రాసాత్తి పూలబుట్టతో సహా వచ్చేసింది. వాసంతి చేతిలో గరిటె నుంచి సాంబారు కారుతోంది.

"ఏంటే ఆ గోల?" అంది అమ్మ.

"ఎదురింటివాళ్ళమ్మా."

"ఏమోనే, ఆ అరవ ఊళ్ళో నీకు నా అన్నవాళ్ళు లేరని నాకు ఒకటే బెంగ..."

అలివేలమ్మ హైమ భుజం గిల్లింది. "బరువెంతో అడగవే!"

"ఎవురి పోలికో అడుగు," అంది వాసంతి.

"పేరు? పేరు?" అంటూ రాసాత్తి రిసీవరుకే చెవి ఆనించింది.

వీళ్ళలో ఒక్కరూ అక్కను చూసినవాళ్ళు కారు. హైమకు నవ్వు ఆగలేదు.

"అమ్మా, బెంగ తర్వాత పెట్టుకుందువుగాని. ముందు పిల్ల బరువెంతో చెప్పు. ఇక్కడ మావాళ్ళు నన్ను చంపేస్తున్నారు!"