ఎద్దులు పొలానికి వెళ్ళారు

“‘ఎద్దులు పొలానికి వెళ్ళారు’,” అని పైకి చదివి, జానకిరామయ్యగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చారు. “వెళ్ళారా? ఎద్దులకి అంత మర్యాదేమిటోయ్?”

“మా ఇంట్లో ఎద్దుల్ని అలాగే సూసుకుంటామండి,” అన్నాడు అప్పలసూరి, అరుగు మీద చాప అంచున ఒదిగి కూర్చుని.

“చూసుకో. కుడితి పెట్టు, దణ్ణం పెట్టు. రాసేటప్పుడు మాత్రం ‘వెళ్ళాయి’ అని రాయి.”

ఎర్రసిరా కలం సర్రున గీత గీసింది.

అప్పలసూరి విజయనగరంలో ఖద్దరు కొట్టు గుమాస్తా. ప్రతి ఆదివారం ఒక కథ రాసుకుని పంతులుగారి అరుగెక్కుతాడు. మద్రాసు వారపత్రికలో తన పేరు చూసుకోవాలని అతని కోరిక. మొదటిసారి రాయడంలోనే తప్పులు లేకుండా రాసేదాకా ఏ పత్రికకీ పంపడానికి వీల్లేదని పంతులుగారి ఆంక్ష.

జానకిరామయ్యగారు హైస్కూల్లో ముప్ఫయ్ రెండేళ్ళు తెలుగు పండితులుగా చేసి, అరవయ్యెనిమిది జూన్‌లో రిటైరయ్యారు. ఆ తరువాత మూడు నెలలు దిద్దడానికి ఏమీ దొరక్క, తిండి సయించక, గోడవైపు తిరిగి పడుకునేవారు. ఉండబట్టలేక ఓ రోజు రేషన్ షాపు బోర్డు మీద తప్పులు సుద్దముక్కతో దిద్దొచ్చి, డీలరు చేత నానా మాటలూ పడ్డారు. దసరాలకి దేవుడు పంపినట్టు ఈ అప్పలసూరి దొరికాడు. ఇప్పుడాయన పట్టుదలంతా ఒకటే. వీడి చేత ఒక్క తప్పు లేని కథ రాయించాలి. లేకపోతే తను చెప్పిన పాఠాలన్నీ దండగ.

“మళ్ళీ ‘కధ’ అనే రాసేవు. థ కడుపులో చుక్క ఉంటుందని ఎన్నిసార్లు చెప్పేను?”

“ఇరవై సార్లు సెప్పుంటారండి.”

“మరి?”

“నానేటి సేసేదండి. రాసినప్పుడు బాగానే ఉంటాది. మీ దగ్గిరికొచ్చీసరికి తప్పయిపోతాది.”

పంతులుగారి భార్య ప్రసూనాంబ కాఫీ గ్లాసు ఠంగున కింద పెట్టింది. “ఈ దిద్దుబాట్లతోనే పన్నెండు కొట్టేస్తుంది. ఇతగాడికి ఈ జన్మకి తెలుగు రాదు. వదిలీండి.”

“నువ్వూరుకో. దానంతటదే వచ్చేస్తే ఇంక నేనెందుకు?” అని ఆయన ఉత్సాహంగా కలం సిరాలో ముంచారు. మధ్యాహ్నం దాకా దిద్ది, కరకరలాడే ఆకలితో పులుసన్నం మారు వడ్డించుకోవడం ఆయనకి ఆదివారపు అలవాటు.

కానీ రెండో పేజీలో తప్పు దొరకలేదు. మూడో పేజీలోనూ లేదు. వెతుకుతున్నకొద్దీ ఆయన ముఖంలో ఆశ్చర్యం, ఆ వెనకే దిగులు. ఏడు పేజీలూ అయ్యేసరికి కాఫీ ఇంకా గోరువెచ్చగానే ఉంది. కిందటి వారం దాకా నలభైకి తగ్గని తప్పులు ఇవాళ తొమ్మిదే.

“తొమ్మిదేనోయ్,” అన్నారు నెమ్మదిగా.

“అంటే బాగా రాసినట్టేనాండి?”

“బాగా రాసేవు. ఏడు పేజీలకి తొమ్మిదంటే తప్పుల్లేనట్టే లెక్క. ఇవి సరిచేసి మద్రాసుకి పంపించెయ్. నాతో నీకింక పనిలేదు. వచ్చే వారం రానక్కర్లేదు.”

ఆయనకి గర్వంగానే ఉంది. కళ్ళు చెమర్చేంత గర్వం. కానీ వచ్చే ఆదివారం ఎలా గడుస్తుందో తలుచుకుంటే భయం కూడా వేసింది. కాగితాలు మడిచి అతని చేతిలో పెట్టి, సిరాబుడ్డికి మూత బిగించి, లోపలికి వెళ్ళిపోయారు.

“వడ్డించమంటారా?” అనడిగింది ప్రసూనాంబ.

“ఆకలి లేదు,” అని ఆయన మంచమెక్కి గోడవైపు తిరిగారు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన వీపుకేసి చూసింది. తరువాత చప్పుడు కాకుండా వీధి తలుపు దగ్గరగా వేసి, గబగబా మెట్లు దిగింది. అప్పలసూరి తల వంచుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆవిడ గొంతు బాగా తగ్గించి అడిగింది.

“తప్పులు తొమ్మిదే పెట్టేవేం నాయనా, ఆయనేమైపోవాలి?”