ఏడు తరాల పెళ్లికొడుకు

“ఏడుగురు,” అన్నారు బసవపున్నయ్య గారు ఏడు వేళ్లు చూపించి. “ఒక్కరు తగ్గినా వీల్లేదు. మీ వంశంలో ఎవరి తర్వాత ఎవరు, పెత్తనం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎట్లా వచ్చిందీ, అన్నీ చెప్పాలి.”

వెంకటనారాయణ నోట్లో జంతిక ముక్క నమలడం ఆపేశాడు.

అతను సత్తుపల్లి జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్. దమ్మపేటకు పెళ్లిచూపులకు వచ్చాడు. అమ్మాయి పేరు నిర్మలాదేవి. ఖమ్మంలో హిస్టరీతో బి.ఏ. చదివింది. ఆర్నెల్ల కిందట బస్సు చెడిపోయి, అందరూ గంటసేపు టేకు చెట్ల కింద నిలబడ్డప్పుడు ఆమెతో మాట్లాడాడు. ఆ గంట తర్వాత మరో అమ్మాయి ఫొటో ముట్టుకోలేదు. నిర్మల తల్లి రాఘవమ్మ సరేనంది. నిర్మలా సరేనంది. మిగిలింది ఆమె తాతగారైన ఈ బసవపున్నయ్య గారే. పోయిన నెల ఒక ఇంజనీరును నాలుగో తరం దగ్గర, ఒక బ్యాంకు ఆఫీసరును మూడో తరం దగ్గర కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశారు.

వెంకటనారాయణకు తెలిసింది తన తాత పేరు వరకే. తాతకూ ఒక తండ్రి ఉండే ఉంటాడు. ఆయన పేరెవరూ చెప్పలేదు.

పెద్దమనిషిగా వెంట వచ్చిన తోటి లెక్చరర్ భద్రు మోచేత్తో పొడిచాడు. “చెప్పవేందయ్యా? మా తండాల నన్నడిగితే పది తరాలు గడగడ చెప్త.”

“నాకు రెండే తెలుసు,” గొణిగాడు వెంకటనారాయణ.

“చరిత్ర పాఠం చెప్పేటోనివి, నీ చరిత్ర నీకు తెల్వదా?”

“జపాన్ వాళ్లదైతే తెలుసు.”

“గదే చెప్పు మరి. ఈడ జపానోడు ఎవడున్నడు?”

నిజమే. నిన్ననే సెకండియర్ పిల్లలకు చెప్పిన పాఠం. తొకుగావా వంశం. ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో నుంచి, రెండున్నర శతాబ్దాలకు పైగా జపాన్‌ను ఏలిన సమురాయ్ దొరలు. పదిహేను మంది పేర్లూ వరసగా నోటికి వచ్చు. ఒక్కో పేరు చివర ఒక ‘అయ్య’ తగిలిస్తే సరిపోతుంది.

లోపలి గది తలుపు సందులో ఆకుపచ్చ చీర అంచు కదిలింది. దాంతో అతనికి ధైర్యం వచ్చింది.

“మా మూలపురుషుడు ఇయ్యాసయ్య గారండీ. పెద్ద యుద్ధం గెలిచి పెత్తనం సంపాదించారు. రెండేళ్లకే దాన్ని కొడుక్కి అప్పగించి, తాను వెనక కూర్చుని అన్నీ నడిపించారు.”

“భేష్! ఏ ఊరు?”

“ఎదో అండీ.”

“ఏదో ఊరేంటయ్యా? పేరు చెప్పు.”

“పేరే ఎదో అండీ. సముద్రం ఒడ్డున.”

“అయితే మాలాగే కోస్తా నుంచి వచ్చినవాళ్లే!” పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “రెండో ఆయన?”

“ఇదేతాతయ్య.”

“ఏ తాతయ్య?”

“ఇదేతాతయ్యండీ.”

భద్రుకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

“మూడో ఆయన ఇయ్యమిత్రయ్య. తల్లిదండ్రులు చిన్నకొడుకు మీద మోజుపడి ఈయన్ను పక్కన పెట్టబోయారు. పెంచిన దాది వెళ్లి ఇయ్యాసయ్య గారి కాళ్ల మీద పడింది. ఆయన పెద్దవాడికే పీట వేయించారు.”

“అదీ తాతంటే!” తొడ చరిచారు బసవపున్నయ్య గారు.

“నాలుగో ఆయన ఇయ్యసూనయ్యకు పిల్లల్లేరు. పెత్తనం తమ్ముడు సునయశయ్యకు వచ్చింది. కుక్కను కొడితే శిక్ష తప్పదని ఆయన ఊరంతా చాటింపు వేయించారు.”

“కుక్కనా?”

“ఆయన కుక్క సంవత్సరంలో పుట్టారండీ.”

“ప్రభవ, విభవల్లో కుక్క ఎక్కడుందయ్యా?”

“మా వైపు ఉంటుందండీ.”

పెద్దాయన ఒక క్షణం ఆలోచించి, తల ఊపారు. వెంకటనారాయణ ఊపిరి పీల్చుకుని పరుగందుకున్నాడు. “ఆయనకూ కొడుకు మిగల్లేదు. అన్న కొడుకు ఇయ్యనాభయ్య ఆరో ఆయన. వారి అబ్బాయి ఇయ్యసుగయ్య ఏడో ఆయన. నాలుగేళ్లకే పెత్తనం చేతికొచ్చింది. పాపం, ఏడేళ్లు నిండకుండానే పోయారు.”

“పోయారా?” బసవపున్నయ్య గారి చూపు సూటిగా వచ్చి అతని మీద ఆగింది. “ఏడేళ్ల పిల్లవాడు పోతే వంశం ఎట్లా నిలిచింది?”

వెంకటనారాయణ ఇంత ఆలోచించలేదు. తరగతిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“నేను చెప్పనా?” పెద్దాయన మెల్లగా లేచారు. “దాయాదుల ఇంటి నుంచి ఒకాయన్ను తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన పేరు యోషిమునయ్య. అవునా, కాదా?”

తొకుగావాల్లో ఎనిమిదో పేరు అదే. వెంకటనారాయణ దొరికిపోయాడు. చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తు తెచ్చుకుంటూ, “అ... అవునండీ,” అన్నాడు.

పెద్దాయన రెండు చేతులూ చాచి అతన్ని గట్టిగా కౌగలించుకున్నారు. ఆయన కళ్లు తడిశాయి.

“ఇంక నువ్వు పరాయివాడివి కాదు నాయనా! ఈ ఇంటి మనిషివి!”

“దావత్ ఎప్పుడు మరి?” అన్నాడు భద్రు, కళ్లు తుడుచుకుంటూ. వెంకటనారాయణకు కాళ్లు నేల మీద ఆనలేదు.

“నిర్మలా! ఇట్లా రా తల్లీ!”

నిర్మల వచ్చింది. తలెత్తలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సిగ్గేమో అనుకున్నాడతను.

“పోయినేడు లైబ్రరీలన్నీ తిరిగి నువ్వు రాసిచ్చిన మన వంశావళిని నేనే సగం నమ్మలేదమ్మా,” అన్నారు బసవపున్నయ్య గారు, మనవరాలి తల నిమురుతూ. “ఇంటిపేరు వేరైతేనేం, అవే పేర్లు, అదే వరస. రుజువు నడిచి ఇంటికొచ్చింది.”

వెంకటనారాయణ నిర్మల వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

“బాబాయికి దండం పెట్టుకో.”