మగ్గాలవాళ్ల బండి

"టొయోటా బండి అక్కా, కళ్లు మూసుకుని తీసుకోండి! ఈ కంపెనీకి మూలం మగ్గాలే, తెలుసా?" అన్నాడు పాత కార్లమ్మే బ్రోకరు.

నేతపని చేసే ఆవిడ మొహం వికసించింది. "ఎలాంటి మగ్గాలు?"

"ఒక్క పోగు తెగితే చాలు, మగ్గం దానంతటదే ఆగిపోయేదట. తప్పుడు గుడ్డ బయటికి రానిచ్చేది కాదు."

"అలాంటివాళ్ల బండిని మళ్లీ మెకానిక్కుకి చూపించడమెందుకు తమ్ముడూ?" అంటూ ఆవిడ సంతకానికి పెన్ను తీసింది.

లక్షా ఎనభైవేల కిలోమీటర్లు తిరిగిన బండి మీటర్లో అరవైవేలే ఉంది. బ్రోకరు గబుక్కున కాగితాలు వెనక్కి లాక్కున్నాడు.

"మీటరు నేనే తిప్పానక్కా," అన్నాడు తల వంచుకుని.

ఆవిడ కోప్పడలేదు. "ఇంతకుముందు ఎంతమందికి ఇలా అమ్మావు?" అని మెల్లగా అడిగింది.

గుర్తు చేసుకోబోయాడు. ఒక్కరి మొహమూ గుర్తు రాలేదు.